మేతసంచుల ముసుగు

అరవైకి దగ్గరపడ్డాక నేను మోటారుసైకిలుకు కిక్కు కొట్టడం నేర్చుకున్నాను. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని, కుడికాలు కిక్కురాడ్డు మీద పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేసేదాన్ని. గుండుగొలనులో మా వీధివాళ్ళు మొదట గోడ మీంచి తొంగిచూసి నవ్వుకున్నారు. కొన్నాళ్ళకు నవ్వడం మానేసి జాలిపడ్డారు. నాకు ఆ నవ్వే నయమనిపించింది. జాలిపడే మొహాలు చూస్తే చిన్నప్పటినుంచీ నాకు ఒళ్ళు మండుతుంది.

బండి మా ఆయనది. ఆయన కైకలూరులో ఒక మేతల కొట్టు తరఫున చేపల చెరువుల వెంట తిరిగేవారు. చెరువు నీళ్ళు సీసాలో పట్టి, అందులో మందుచుక్కలు వేసి, రంగు ఎలా మారుతుందో వెలుగులో పెట్టి చూసి, చేపకు గాలి సరిపోతోందో లేదో రైతుకు చెప్పడం ఆయన పని. కొల్లేటి గట్ల మీద ఆ బండి తిరగని దారి లేదు. నేను చర్చివాళ్ళ మిషను బడిలో ఆడపిల్లలకు కుట్లు నేర్పే టీచరుగా చేసి రిటైరయ్యాను. మాకు పిల్లలు కలగలేదు. దాని గురించి ఊళ్ళోవాళ్ళు చాలినంత మాట్లాడారు కాబట్టి ఇక్కడ నేను రాయను.

ఆయన మాటల మనిషి. గట్టు మీద రైతు పక్కన కూర్చుంటే నీళ్ళ దగ్గర మొదలెట్టి ఆ రైతు బావమరిది పెళ్ళిదాకా వెళ్ళేవారు. ఇంట్లోనూ అంతే. ఎవరూ లేకపోతే బండితో మాట్లాడేవారు. పొద్దున్న ఆయన బయల్దేరడం మా చర్చిలో ఆరాధన క్రమంలా ఎప్పుడూ ఒకటే వరస. పాత గుడ్డతో సీటు తుడిచి, "ట్యాపు" అని ట్యాంకు కింద ట్యాపు తిప్పేవారు. "చోకు" అని చోకు లాగేవారు. "కిక్కు" అని కొట్టేవారు. ఇంజను అందుకోగానే, తల వెనక్కి తిప్పకుండానే, "వెళ్ళొస్తానే" అని కేకేసేవారు. నేను వంటింట్లోంచి "జాగ్రత్తండీ" అనేదాన్ని. ఆ మోతలో నా మాట ఆయనకు వినపడేదో లేదో ఎన్నడూ అడగలేదు. పోట్లాడుకుని ముందురోజంతా మూతి ముడుచుకు కూర్చున్నా సరే, పొద్దున్న ఆ రెండు మాటలూ మాత్రం తప్పేవి కావు.

ఆ ఏడు క్రిస్మస్ వెళ్ళాక, పొగమంచు ఇంకా విడవని ఒక పొద్దున, కైకలూరు అవతల ఏదో చెరువు దగ్గర సీసాతో వంగిన మనిషి వంగినట్టే పడిపోయారు. రైతులు ఐసు మోసే ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికి చొక్కా అంతా చేపల వాసన. పక్షవాతం అన్నారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. ఇంటికి తెచ్చాక వచ్చినవాళ్ళు వచ్చినట్టు తలొక వైద్యం చెప్పారు. ఒకావిడ పావురం నెత్తురు రాయమంది. ఆవిణ్ణి మర్యాదగానే సాగనంపాను గాని, ఆ మర్యాద కోసం పళ్ళు గట్టిగా కరుచుకోవలసి వచ్చింది.

ఆయన నోట్లో ఒక్క మాట మిగిలింది. "అదే." ఆకలేస్తే అదే, నొప్పేస్తే అదే, దోమ కుడితే అదే. ఒంటికి వెళ్ళాలన్నా అదే. ఏది కావాలో నేను ఒకటొకటీ అడుగుతూ పోవాలి, ఆయన తల ఊపాలి. ఊపేలోగా ఒక్కోసారి పక్క తడిసిపోయేది. అప్పుడాయన నా వంక చూసేవారు కారు.

"మాటలు లోపలే ఉన్నాయమ్మా, బయటికొచ్చే దారి మూసుకుపోయింది," అన్నారు ఏలూరు డాక్టరుగారు. "వదలకుండా మాట్లాడిస్తూ ఉండండి. అలవాటైన పనుల దగ్గర ఒక్కోసారి మాట దానంతటదే వస్తుంది."

ఆ మాట నిజమని మొదట చర్చిలో తెలిసింది. కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళితే, పాట ఎత్తుకోగానే ఆయన కూడా అందరితో కలిసి పాడారు. పదాలతో సహా, చరణం తర్వాత చరణం. అద్భుతమన్నారు పాస్టరుగారు. చుట్టూ అందరూ స్తోత్రం చెప్పారు. నాకు మాత్రం ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పాటలోకి వచ్చే మాట నా దగ్గరికెందుకు రాదు? ఇంటికొచ్చాక ఎదురుగా కూర్చుని, "ఏవండీ, నన్నొకసారి పిలవండి. ఎప్పటిలా ఏమే అనండి చాలు," అని అడిగాను. ఆయన చాలాసేపు పెదవులు కదిపారు. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి, "అదే," అన్నారు.

ఇక ముసుగు సంగతి.

ఆయన పడిపోయాక కొట్టువాళ్ళ మనిషి బండి తెచ్చి మా వసారాలో స్టాండు వేసి, తాళం చేతికిచ్చి వెళ్ళాడు. ఆయన లేచి తిరిగేదాకా దాన్ని జాగ్రత్తగా ఉంచాలని నాకు పట్టుదల. మా ఇంట్లో ఏది కప్పాలన్నా మేతసంచులే. కట్టెలకు అవే, మిరపకాయల కిందికి అవే. కొల్లేటి వైపు చేపలకు మేత చల్లరు. తవుడూ వేరుశనగ చెక్కా సంచిలో పోసి, అడుగున చిల్లులు పొడిచి, చెరువులో పాతిన కర్రలకు వేలాడగడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. పనికిరాని సంచులు ఆయన కట్టలుగా తెచ్చేవారు. నేను వాటిని విప్పి, కొలత తీసి, మిషను మీద కుట్టి బండికి ముసుగు చేశాను. ఆ ప్లాస్టిక్ నేతకు సూదులు విరిగాయి. అయినా వదల్లేదు. హ్యాండిలుకు ఒక మడత, అద్దాలకు రెండు జేబులు. జాకెట్టు కుట్టినట్టు కుట్టాను. నలభై ఏళ్ళు కుట్టుపని చేసినదాన్ని, చిల్లులున్న గుడ్డ వానకు అడ్డుపెట్టకూడదన్న ఇంగితం మాత్రం లేకపోయింది. ఎండాకాలం, వానాకాలం ఆ బండి ఆ ముసుగులోనే ఉండిపోయింది. వసారా రేకుకు కన్నం ఉండి సరిగ్గా దాని మీదే కారేది. ముసుగుందిగా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

వానలు వెనకబట్టాక ఆకివీడు నుంచి మా ఆడపడుచు వచ్చింది. అన్నయ్య పక్కనే కూర్చుని, అన్నయ్య అక్కడ లేనట్టే మాట్లాడింది.

"వదినా, ఆ బండి ఊరికే తుప్పు పట్టిపోతోంది కదండీ. మా వాడికి కాలేజీకి లేదు. అన్నయ్య మరి నడపలేడు కదా."

నాకు చర్రున కోపం వచ్చింది. ఆ ముక్క ఆయన ముందు అనాలా? ఆయన గోడ వైపు చూస్తున్నారు. కాని ఎదురు మాట అందామంటే అందులో అబద్ధమేమీ లేదు. "స్టార్టవుతుందో లేదో చూసి ఫోను చేస్తాను," అని కాఫీ ఇచ్చి పంపించేశాను.

ఆ సాయంత్రం ఆయన్ని అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి, ముసుగు తీశాను. ఏదో కుళ్ళిన తవుడు వాసన గుప్పుమంది. తాళం తిప్పితే దీపం వెలగలేదు, హారను కుయ్యిమనలేదు. ఆయన చేయగా చూసినట్టే కాలు ఎత్తి కిక్కు కొట్టాను. రాడ్డు వెనక్కి తన్ని పిక్కకు తగిలింది. తిట్టుకుంటూ మళ్ళీ కొట్టాను. మళ్ళీ కొట్టాను.

"ట్యాపు."

నేను కాలు అలాగే ఎత్తి ఉంచి వెనక్కి చూశాను. అరుగు మీద ఆయన తప్ప ఎవరూ లేరు. ఎడమచెయ్యి ట్యాంకు వైపు చాచి ఉంది. మొహంలో చిరాకు. నేను ఏ పనైనా తప్పుగా చేసినప్పుడు వచ్చే పాత చిరాకు.

"ఏమన్నారండీ?"

"అదే," అన్నారు. కాని వేలు ట్యాంకు కిందనే చూపిస్తోంది. తెచ్చినవాడు ట్యాపు కట్టేసి వెళ్ళాడు. నేను తిప్పాను. కిక్కు కొట్టాను. అవలేదు.

"చోకు," అన్నారు ఆయన.

నేను బండి సీటు మీద తల పెట్టి కాసేపు ఏడ్చాను. అలా ఏడుస్తుంటే ఆయన కుర్చీ చేతిని తడుతూ విసుక్కున్నారు. ఆయనకు చోకు లాగడం ముఖ్యం.

లాగినా ఆ రోజు బండి స్టార్టవలేదు. నాకేం పర్వాలేదు. రెండు మాటలు దొరికాయి. మర్నాటి సాయంత్రం మళ్ళీ కుర్చీ అరుగు మీద వేశాను. అప్పటినుంచీ రోజూ అదే పని. బండి విషయంలో నేను చేసే ప్రతి తప్పుకూ ఆయన లోపలినుంచి ఒక మాట ఊడి వచ్చేది. తప్పులకు నా దగ్గరేం కొదవ? పుట్టి బుద్ధెరిగి పానా పట్టినదాన్ని కాను. ఆయన "ప్లగ్గు" అంటే నేను ఏదో మూత విప్పబోయేదాన్ని. "కాదు" అనేవారు. "కింద" అనేవారు. "మెల్లిగా" అన్నారు ఒకరోజు, ఆ మూడక్షరాలూ పూర్తిగా. నేను ప్లగ్గు విప్పి, కుట్లు విప్పడానికి వాడే బ్లేడుతో మసి గీకి, గరుకు కాగితంతో రుద్ది, ఇంజను ఇనుముకు ఆనించి కిక్కు కొట్టి చూపించాను. చిన్న నీలం మెరుపు వచ్చింది. ఆయన తల ఊపారు. నిప్పు ఉందన్నమాట. బాధ ఇంకెక్కడో ఉంది.

నాకు కావలసింది బండి కాదు. ఇన్ని మాటలు వస్తున్నప్పుడు వాటి వెనకాలే ఒకటి నాకోసం రాకపోతుందా అన్న ఆశ. ఏమే అన్నా చాలు, ఒసే అన్నా చాలు. అందుకే ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా "బండి ఇంకా బాగవలేదమ్మా" అని చెప్పేదాన్ని. చెబుతుంటే గొంతులో సంతోషం తెలిసిపోతుందేమోనని భయంగా ఉండేది.

ఒక సాయంత్రం, "గాలి," అన్నారు.

ఫ్యాను కావాలేమో అనుకున్నాను. కాదు. వేలు సీటు కింద పక్కడబ్బా వైపు చూపిస్తోంది. మూత విప్పేసరికి అందులో ఎలక గూడు. మేతసంచుల దారాలు, తవుడు పొట్టు, దూది ముక్కలు కలిపి మెత్తగా పరుచుకుంది మహాతల్లి. ఇంజనుకు గాలి వెళ్ళే దారి పూర్తిగా మూసేసింది. తవుడు వాసన పట్టుకుని వచ్చింది, వాసన తెచ్చిందేమో నా ముసుగు. నేను గూడంతా చేత్తో లాగి బయటేస్తుంటే ఆయన ముసుగు అంచు ఎడమచేత్తో అందుకున్నారు. దాన్ని తిప్పి చూశారు. ఒక చిల్లులోంచి చూపుడువేలు దూర్చి, అవతలివైపు ఆ వేలు ఆడించి నాకు చూపించారు. మొహంలో ఎడమసగం నవ్వింది. కుడిసగం కదల్లేదు. పడిపోయిన తర్వాత ఆయన నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

"సరేలెండి, తెలివితక్కువదాన్నే. కట్టుకున్నప్పుడు తెలీదా?" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం కడుపునిండా తిన్నాం.

గూడు తీసినా బండి పలకలేదు. ఒకసారి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. అప్పుడు ఆయన, "నీళ్ళు," అన్నారు.

ఆ మాటకు నేను పరుగు పెట్టాను. పది నెలలుగా ఆ మనిషి దాహమేస్తే అడగలేక పెదవులు నాలుకతో తడుపుకుంటూ ఉంటే చూస్తున్నదాన్ని. గ్లాసు కడిగి, కుండలో చల్లని నీళ్ళు ముంచి, ఒలికిపోతుంటే తెచ్చి నోటి దగ్గర పెట్టాను. ఆయన ఎడమచేత్తో ఒక్కటి కొట్టారు. గ్లాసు దొర్లిపోయింది. "నీళ్ళు, నీళ్ళు," అంటూ ట్యాంకు వైపు చూపిస్తున్నారు. అప్పుడర్థమైంది. ఆయన అడిగింది తాగడానికి కాదు. పెట్రోలులో నీళ్ళు కలిశాయని చెబుతున్నారు. నేను దొర్లిన గ్లాసు తీసుకుని, ఒలికిన నీళ్ళు తుడిచాను. తప్పేమీ లేదు ఆయనది. కాని ఆ గ్లాసు దెబ్బ చాలా రోజులు నొప్పెట్టింది.

బండికి తగిలించిన ఆయన సంచిలో చెరువు సీసాలు ఇంకా ఉన్నాయి. ఒకటి తీసి, కార్బొరేటరు అడుగు మర వదులు చేసి, కారిన పెట్రోలు అందులో పట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని సాయంత్రపు వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు. పైన పెట్రోలు, అడుగున వేరుగా తేరుకున్న నీళ్ళు. చెరువు గట్టు మీద రైతులు ఊపిరి బిగబట్టి నిలబడితే ఆయన సీసా చూసే చూపు ఇదే అయి ఉంటుంది. నేను ఎప్పుడూ గట్టు మీదికి వెళ్ళలేదు కాబట్టి ఆ చూపు మొదటిసారి చూశాను. ఆయనకు జబ్బే లేదనిపించింది.

బాధ ఎక్కడుందో తెలిసిపోయింది. ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోస్తే అయిపోతుంది. నేను పోయలేదు. ఇవాళ మోకాలు నొప్పి అన్నాను, రేపు బడివాళ్ళు పిలిచారన్నాను. కొబ్బరి ఈనెల చీపురుతో బండి చుట్టూ ఊడ్చాను, చక్రాల పుల్లలు తుడిచాను, ఒకే మరను విప్పి మళ్ళీ బిగించాను. ఆయన "కాదు" అంటున్నంతసేపూ నాకు పండగే.

ఆ రోజుల్లోనే వీధి చివర మెకానిక్ షెడ్డు అబ్బాయి అటుగా పోతూ ఆగాడు.

"టీచరుగారండీ, రోజూ చూస్తున్నానండి. ఇది పది నిమిషాల పనండి. మీరు కాస్త పక్కకు జరగండి, నేను చేసిపెడతాను."

"అక్కర్లేదు నాయనా."

"డబ్బులేం వద్దండి. బాబాయిగారు నాకు తెలీదాండి?"

"డబ్బు గొడవ కాదు. దీని జోలికి రావద్దు," అన్నాను కాస్త గట్టిగానే. ఆ అబ్బాయి బిక్కమొహం వేశాడు. పాపం, మంచి చేయబోయి మాట పడ్డాడు. మనసు ఒప్పక, అరుగు దిగి వీధిలోకి వెళ్ళి ఆయన వినకుండా సంగతి చెప్పాను. అతను "ఆయ్, అలాగేనండి," అని వెళ్ళిపోయి, తన బండిలోంచి తీసిన పెట్రోలు ఒక సీసాలో తెచ్చి గోడ మీద పెట్టాడు. "మీకెప్పుడు పొయ్యాలనిపిస్తే అప్పుడు పొయ్యండి," అన్నాడు.

ఆ సీసా అక్కడే ఉంది చాలా రోజులు. ఆయన దాన్ని చూశారు. మొదట వేలితో చూపించారు. తర్వాత కుర్చీ చేతిని కొట్టడం మొదలుపెట్టారు. ఇళ్ళ మీద క్రిస్మస్ నక్షత్రాలు వెలిగే రోజులు వచ్చేసరికి ఆయనలో ఏదో తొందర. పొద్దున్న లేవగానే అరుగు మీదికి తీసుకెళ్ళమని సైగ చేసేవారు. ఎడమచేత్తో తలదువ్వుకునేవారు. చొక్కా బొత్తాలు పెట్టమని వేలితో చూపించేవారు. నేను మురిసిపోయాను. మనిషి కోలుకుంటున్నాడనుకున్నాను. పైగా నాకూ ఒక ఆశ పుట్టింది. ఇన్నాళ్ళుగా విడివిడిగా ఊడిపడుతున్న మాటలు బండి స్టార్టయితే ఆ ఊపులో అన్నీ కలిసి వస్తాయేమో. నన్ను పిలవడం కూడా అందులో ఉంటుందేమో. పాపిష్టి ఆశ, ఊరుకోనివ్వలేదు.

ఒక పొద్దున, ఆయన పనికి బయల్దేరే వేళకే, ట్యాంకు ఖాళీ చేసి ఆ పెట్రోలు పోశాను. పాత గుడ్డతో సీటు తుడిచాను.

"ట్యాపు," అన్నారు. తిప్పాను.

"చోకు." లాగాను.

"కిక్కు."

కొట్టాను. దగ్గింది. మళ్ళీ కొట్టాను. తెల్లటి పొగ ఒకటి కక్కి, ఆగబోయి, ఆగకుండా అందుకుంది. వసారా రేకులు అదిరాయి. ఏడాది తర్వాత ఆ మోత మా ఇంట్లో వినపడింది. నేను హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒళ్ళంతా బండితోపాటు వణుకుతోంది.

"వెళ్ళొస్తానే."

ఎక్కడా తడబడలేదు. ఎప్పటి గొంతు, ఎప్పటి విరుపు. చివరన నన్ను పిలిచే పిలుపుతో సహా వచ్చింది. నా నోట్లోంచి "జాగ్రత్తండీ" దానంతటదే వచ్చేసింది. సంతోషంతో పొంగిపోయిన మాట నిజం. ఆ సంతోషంలో వెనక్కి తిరిగి చూద్దును గదా, ఆయన లేస్తున్నారు.

ఎడమచెయ్యి కుర్చీ మీద ఊని, ఎడమకాలి మీద లేచారు. మొహంలో పనికి వెళ్ళే మనిషి హడావుడి. ఆలస్యమైపోయినట్టు చూపు వీధి గేటు మీద ఉంది. ఎడమకాలు ముందుకు వేశారు. కుడికాలు రాలేదు. నేను హ్యాండిలు వదిలి పరిగెత్తేలోపు అరుగు మెట్టు మీద పక్కకు ఒరిగిపోయారు. తల కింద నా చెయ్యి పెట్టగలిగాను. అంతే పెట్టగలిగాను.

దెబ్బ పెద్దది తగల్లేదు. ఇద్దరం మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాం. బండి మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆయన తన కుడికాలి వంక చూసుకున్నారు. తర్వాత బండి వంక చూశారు. మళ్ళీ కాలి వంక. అప్పుడు నాకు తెలిసింది. ఇన్ని నెలలూ ఆయన దృష్టిలో జబ్బు బండికే. అది స్టార్టవక తను ఇంట్లో కూర్చున్నారు. అది బాగవగానే బొత్తాలు పెట్టించుకుని వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు బండి బాగైంది. ఆయన మొహంలోంచి ఆ నమ్మకం మెల్లగా దిగిపోవడం నేను అరచేతి దూరంలో చూశాను.

తాళం వైపు చేయి చూపించారు. వెళ్ళి ఆపేశాను.

"ఏవండీ, మళ్ళీ ఒకసారి అనండి," అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "అదే," అన్నారు.

తర్వాత ఆయన బండి వైపు చూడలేదు. కుర్చీ అరుగు మీద వేస్తే గోడ వైపు తిప్పమని సైగ చేసేవారు. చర్చిలో పాట ఎత్తుకుంటే కళ్ళు మూసుకునేవారు, పెదవి కదిపేవారు కారు. నేను ట్యాపు కావాలని కట్టేసి, "ఏమిటండీ ఇది స్టార్టవడం లేదు," అంటూ ఉత్తుత్తినే కిక్కులు కొట్టాను. ఆయన ఒకసారి తిరిగి, కట్టేసిన ట్యాపు చూసి, నన్ను చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగిపోయారు. ఆయనకు బండి గురించి అబద్ధం చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆడపడుచు మళ్ళీ అడిగింది. ఇవ్వనన్నాను. "మీకెందుకండీ వదినా అది," అని కష్టపెట్టుకుంది. ఎందుకో చెబితే ఆవిడకు అర్థం కాదు. నాతో మాటలు తగ్గించింది. సరే, మాట్లాడనివాళ్ళలో ఇంకొకరు చేరారనుకున్నాను.

"అదే" కూడా ఇప్పుడు రోజుకొకసారి వస్తే గొప్ప. ఎండాకాలమంతా ఇల్లు చప్పుడు లేకుండా గడిచింది. మెకానిక్ అబ్బాయి బండికి మంచి కవరొకటి తెచ్చిచ్చాడు. నీలంది, చుక్క నీరు దిగదట. "ఇది వేస్తే బండికి ఏ ఇబ్బందీ రాదండి," అన్నాడు. నిజమే. బండికి ఇప్పుడు ఏ జబ్బూ లేదు. వారానికోసారి అతనే వచ్చి స్టార్టు చేసిపోయేవాడు, ఒక్క కిక్కుకే అందుకునేది. ఆ చప్పుడుకు ఆయన తల ఇంకాస్త గోడవైపు తిరిగేది.

మొన్న కొల్లేటి వైపు మబ్బు పట్టింది. ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. నేను వసారాలోకి వెళ్ళి నీలం కవరు తీసి మడతపెట్టి అటక మీద దాచాను. మేతసంచుల ముసుగు కట్టెల మీద పడుంది. తెచ్చి, దులపకుండానే బండికి తొడిగాను. చిల్లులు సరిగ్గా ట్యాంకు మూత మీదికి వచ్చేలా సర్దాను. లోపల, సీటు కింద పక్కడబ్బా దగ్గర, గుప్పెడు తవుడు చల్లాను. మెకానిక్ అబ్బాయిని వానాకాలం వెళ్ళేదాకా రావద్దని చెప్పాను. "ఆయ్," అన్నాడు.

నిన్న రాత్రి వసారాలో ఎలక చప్పుడు వినిపించింది.